జువాలజీ చదివితే ఏం చేస్తారు?

డిగ్రీలో జువాలజీ తీసుకున్నామనగానే "మెడిసిన్ సీటు రాలేదా?" అని అడగని బంధువులు అరుదు. ఆ తర్వాత ఉపాధ్యాయ ఉద్యోగం తప్ప వేరే దారి లేదన్న మాట కూడా తప్పక వినిపిస్తుంది, అయితే మన కోస్తాను చూసినవారెవరూ ఆ మాట అనలేరు.

భీమిలి తీరంలోని రొయ్యల హేచరీలలో (రొయ్య పిల్లలను పుట్టించి పెంచే కేంద్రాలలో) ఒకదానికి వెళ్తే, రికార్డు పుస్తకంలో విసుక్కుంటూ బొమ్మలు గీసిన నాప్లియస్, జోయియా, మైసిస్ అనే రొయ్య పిల్లల ఎదుగుదల దశలే అక్కడి రోజువారీ పని అని తెలుస్తుంది. జోయియాకు కీటోసెరాస్ వంటి సూక్ష్మ శైవలాలను, మైసిస్ దశకు వచ్చేసరికి ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి పిల్లలను మేతగా వేయాలి. బీకరులో నీళ్లు తీసి వెలుతురుకు పట్టి, జోయియా వెనుక మలం దారంలా వేలాడుతోందో లేదో చూసి, అవి మేస్తున్నాయా అన్నది చెప్పగలగాలి. వనామీ రకం రొయ్య సీడు (పిల్లలు) అమ్మే ముందు తెల్లమచ్చ వైరస్ కోసం చేసే పీసీఆర్ అనే జన్యుపదార్థ పరీక్షకూ ఈ చదువు చదివినవారు పనికొస్తారు. జీతం మొదట్లో తక్కువే, రాత్రి డ్యూటీలు తప్పవు.

పరిశోధన మీద మక్కువ ఉంటే 1916లో ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఉంది, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో వన్యప్రాణుల విభాగమైన లాకోన్స్ ఉంది. వీటికి ఎమ్మెస్సీతో ఆగకుండా నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయడం మంచిది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు మాత్రం జువాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ చాలు.