మా ఇంటి రాత్రి ప్రార్థన

రాత్రి భోజనాలు ముగిశాక, వంటగదిలో దీపం ఆర్పకముందే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరుగుతుంది. గుంటూరు లూథరన్ కుటుంబాలకు ఇది తాతల నాటి అలవాటు. ముందుగా ఒక కీర్తన పాడి, బైబిలులో ఒక భాగం చదువుకుని, ఆ తరువాత ఇంట్లో అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి పెద్దవారి దాకా ఒక్కొక్కరుగా ప్రార్థిస్తాము. కాబట్టి 2023 వేసవిలో ఆ వరుస రెండేళ్ల నాలుగు నెలల మా అబ్బాయితో మొదలయ్యేది. వాడి ప్రార్థన మొత్తం ఒకే వాక్యం: "యేసయ్యా, అమ్మని, నాన్నని, నాయనమ్మని, పొట్టలో పాపని దీంచు, ఆమేన్." దీవించు అనడం వాడికి ఇంకా రాదు. మేము కూడా దిద్దలేదు.

పొట్టలో పాపను ఆ వాక్యంలో చేర్చింది నేనే. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పవద్దని మా అత్తయ్యగారు ముందే అన్నారు. కానీ జూన్ మొదట్లో చేసిన స్కానింగులో బియ్యపు గింజంత పిండంలో గుండె మిణుకుమిణుకుమంటూ కొట్టుకోవడం చూసి వచ్చిన రోజున, ఆ సంతోషాన్ని ఇంట్లో ఉన్న అతి చిన్న మనిషి దగ్గర దాచడం నాకు చేతకాలేదు. వాడి చెయ్యి తీసి నా పొట్ట మీద పెట్టి, ఇక్కడ ఒక పాప ఉంది, నీకు చెల్లో తమ్ముడో వస్తారు అని చెప్పాను. అప్పటి నుంచి వాడు తినే ప్రతి బిస్కెట్టులోనూ ఒక ముక్క నా పొట్టకు ఆనించి తీసి, తరువాత తానే తినేవాడు.

జులై 14న ఎన్‌టీ స్కానింగుకు వెళ్లాము. పదకొండో వారం దాటాక, పద్నాలుగో వారం నిండకముందు, పిండం మెడ వెనక ఉండే నీటిని కొలిచి లోపాలేమైనా ఉన్నాయేమో చూసే పరీక్ష అది. నా లెక్క ప్రకారం ఆ రోజుకు పన్నెండు వారాలు. లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం అన్న బోర్డు కింద కూర్చుని, మా వంతు వచ్చేదాకా నేనూ మా ఆయనా పేర్ల గురించి మాట్లాడుకున్నాము. లోపల డాక్టరుగారు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా తెరను చూశారు. మొదటి బిడ్డప్పుడు ఆమె చూస్తూనే వివరిస్తూ ఉండేవారు గనుక, ఈసారి ఆ మౌనం నాకు ముందే అర్థమైంది. పిండం తొమ్మిదో వారం దగ్గరే ఎదగడం ఆగిపోయిందనీ, గుండె చప్పుడు లేదనీ చెప్పారు. అంటే దాదాపు మూడు వారాలు నా ఒంటికే ఆ సంగతి తెలియలేదు. అంతకుముందు రోజు ఉదయం కూడా నాకు వాంతులయ్యాయి. ఆ తరువాత రిపోర్టులో 'మిస్‌డ్ అబార్షన్' అని రాశారు. తనంతట తానే పోయినదానికీ, కావాలని తీయించుకున్నదానికీ మనవాళ్లు ఒకే అబార్షన్ అన్న మాట వాడతారు కాబట్టి, ఆ కాగితాన్ని బంధువుల కంట పడకుండా చాలా రోజులు బీరువాలో చీరల కింద దాచాను.

ఒంటిని దాని మానాన వదిలి వేచి చూడవచ్చనీ, మాత్రలు వేసుకోవచ్చనీ, లేదా ఆసుపత్రిలో చిన్న ప్రక్రియ చేయించుకోవచ్చనీ డాక్టరుగారు చెప్పారు. మూడవదాన్ని ఎంచుకోవడానికి కారణం మా అబ్బాయి. బాత్రూము తలుపు వేస్తే బయట నిలబడి తలుపు కొట్టే వయసు వాడిది. ఇంట్లో రక్తస్రావం మొదలైతే వాడి కంట పడకుండా ఉండడం అసాధ్యం. మరునాడు ఉదయం వెళ్లి సాయంత్రానికి వచ్చేశాను. నాది బి నెగటివ్, మా ఆయనది పాజిటివ్ కావడంతో, ముందు ముందు గర్భం వస్తే ఇబ్బంది కలగకుండా 72 గంటలలోపు ఇవ్వవలసిన యాంటీ-డి ఇంజెక్షను అక్కడే ఇచ్చారు. రెండు వారాల పాటు బరువులు ఎత్తవద్దన్నారు. గేటు తీయగానే చేతులు చాచి పరుగెత్తుకొచ్చిన పన్నెండు కిలోల బరువును ఎత్తుకోకుండా, మెట్టు మీద కూర్చుని, వాడినే వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేయమన్నాను.

ఆ రాత్రి ప్రార్థన మానేద్దామని మా ఆయన అన్నారు. మానితే వాడు ఎందుకని అడుగుతాడని మా అత్తయ్యగారు బైబిలు తీశారు. కీర్తన ఎవరూ ఎత్తుకోలేదు. వాడు రోజూలాగే కళ్లు గట్టిగా మూసుకుని, "అమ్మని, నాన్నని, నాయనమ్మని, పొట్టలో పాపని దీంచు" అన్నాడు. ఆమేన్ వాడొక్కడే అన్నాడు. మేము ముగ్గురమూ అనలేకపోయాము. వాడు కళ్లు తెరిచి మా ముగ్గురి ముఖాలూ చూసి, మేము వినలేదనుకుని మళ్లీ ఇంకా గట్టిగా అన్నాడు.

తరువాతి వారమంతా ఇల్లు మనుషులతో నిండి ఉంది. కాన్పు అయినవారికి చేసినట్టే నాకూ అన్నీ చేశారు. మా అమ్మ వచ్చి వేడినీళ్లు పోసి, చెవుల్లో దూది పెట్టి, పచ్చి ఒళ్లు అంటూ చల్లనీళ్లు ముట్టుకోనివ్వలేదు. వెల్లుల్లి కారంతో మొదటి ముద్ద తింటూ, బాలింత పథ్యం తింటున్నాను గానీ పక్కన బిడ్డ లేదు కదా అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే మా వాడు వచ్చి, కారం ముద్ద తనకూ కావాలని పేచీ పెట్టాడు.

వచ్చినవారిలో ఒక పెద్దావిడ, ప్రేమగానే, మూడో నెలలో పిల్లవాణ్ణి చంకన వేసుకుని తిరిగితే నిలుస్తుందా అమ్మా, పక్కలో వాడి కాలు తగిలినా తగిలి ఉంటుంది అన్నారు. వాడు ఆ పక్కనే చాప మీద ఆడుకుంటున్నాడు. నాకు అప్పటిదాకా రాని కోపం ఆ క్షణంలో వచ్చింది. ఆవిడను లోపలి గదిలోకి పిలిచి, ఈ మాట మా ఇంట్లో ఇంకెప్పుడూ అనవద్దని చెప్పాను. పెద్దవారితో అలా మాట్లాడడం మా ఇళ్లలో తప్పు. అయినా ఆ రోజు అన్నందుకు ఇప్పటికీ నేను బాధపడడం లేదు. ఏ తమ్ముడి చావుకో, ఏ చెల్లెలి చావుకో తానే కారణమన్న మాట ఒకటి వాడి చెవిన పడి, పదేళ్ల తరువాత అర్థమైతే, దాన్ని వాడి మనసులోంచి ఎవరు తీయగలరు? నిజానికి నేను కూడా అంతకుముందు రెండు రాత్రులు ఇదే లెక్క వేసుకున్నాను. వాణ్ణి ఎత్తుకున్న రోజులు, గతుకుల రోడ్డు మీద ఆటోలో వెళ్లిన రోజు, తెలియక తిన్న బొప్పాయి ముక్క, అన్నీ తవ్వుకున్నాను. రెండోసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగాను. తెలిసిన గర్భాలలో నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలా పోతాయనీ, మొదటి మూడు నెలల్లో పోయినవాటిలో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణమనీ, బిడ్డను ఎత్తుకోవడం వల్ల గానీ పక్కలో కాలు తగలడం వల్ల గానీ గర్భం పోదనీ ఆమె ఓపికగా చెప్పారు. ఆ మాటలు నాకంటే ముందు మా అమ్మకు, అత్తయ్యగారికి వినిపించాలని, ఇద్దరినీ కూర్చోబెట్టి తిరిగి చెప్పాను.

పరామర్శకు వచ్చిన సంఘస్థులు చాలామంది, పిల్లలు లేక ఏడ్చి ప్రార్థించి సమూయేలును కన్న హన్నా కథ చెప్పారు. దేవుడు మళ్లీ ఇస్తాడన్న ధైర్యం ఆ కథలో ఉన్నందున చెప్పారని నాకు తెలుసు. అయితే నాకు మళ్లీ కావాలన్న కోరిక అప్పుడు లేదు, పోయినది కావాలి. దావీదు కథ నాకు దగ్గరగా అనిపించినా, అందులో రాజైన దావీదు పాపానికి అతని బిడ్డ చనిపోతాడు కాబట్టి ఆ పేజీ దగ్గర భయపడ్డాను. కానీ ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసం చేసినవాడు, బిడ్డ చనిపోయాడని తెలియగానే లేచి, స్నానం చేసి, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికి వచ్చి అన్నం పెట్టమని అడిగిన ఆ వరుసను మాత్రం పట్టుకున్నాను. స్నానం, మందిరం, అన్నం. ఆ మూడింటిలో ఆ వారం నాకు చేతనైనది అన్నం ఒక్కటే, అదీ మా వాడికి కలిపి పెట్టడం. ఇక 88వ కీర్తన ఒకటి ఉంది. అది మొదటి నుంచి చివరి దాకా మొర, చివరి మాట కూడా చీకటే. అలాంటి ప్రార్థనను కూడా తీసివేయకుండా గ్రంథంలో ఉండనిచ్చిన దేవుని దగ్గర నేను అబద్ధమాడనవసరం లేదని నాకు ధైర్యం కలిగింది.

అన్నిటికంటే నన్ను నిలబెట్టిన మాట మరొకటి. స్కానింగు గదిలో డాక్టరుగారు పిండం అన్నారు. మా వీధిలో ఎవరైనా పోతే వాళ్ల పిల్లలు పెట్టేదాన్నీ పిండమే అంటారు. ఆ మాట నా చెవిలో మోగుతూ ఉన్న రోజుల్లో ఒక రాత్రి 139వ కీర్తన చదవవలసిన వంతు మా ఆయనకు వచ్చింది. "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను" అని చదివి, ఆయన అక్కడే ఆగిపోయారు. చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న వాక్యమే. ఆ గదిలో తెర మీద నేను చూసినదానికి వాడిన మాటా, దేవుని కన్నులు చూసినదానికి వాడిన మాటా ఒకటే కావడం నేను ఆ రాత్రే గమనించాను. నాకు తెలియని ఆ మూడు వారాల్లోనూ చూసినవారు ఒకరు ఉన్నారు. ఆయన ఎందుకు ఆపలేదన్న ప్రశ్న నాలో అలాగే ఉంది, దానికి జవాబు నా దగ్గర లేదు. చూశారన్నది మాత్రం నమ్ముతున్నాను.

మా ఆయన సంగతి కూడా ఇక్కడ రాయాలి. అందరూ ఆయన్ను నా ఆరోగ్యం గురించే అడిగారు, ఆయనెలా ఉన్నారని అడిగినవారు లేరు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజున, బండి స్టాండు వేసి గేటు బయటే చాలాసేపు నిలబడి, ముఖం కడుక్కుని లోపలికి రావడం కిటికీలోంచి చూశాను. ఆఫీసు విషయం ఎక్కువ రాయను. గర్భస్రావమైన స్త్రీకి డాక్టరు ధ్రువీకరణ చూపితే ఆరు వారాలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అప్పుడు అమలులో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉంది. నేను పనిచేసే చోట ఆ మాట నాకెవరూ చెప్పలేదు. వేరే ఊళ్లో పనిచేసే స్నేహితురాలు చెబితే తెలిసింది. ఈ స్థితిలో ఉన్న ఆడవాళ్లు అడిగి తీసుకోవాలని రాస్తున్నాను.

అసలు సమస్య మా వాడి ప్రార్థన. పాప మాటను మెల్లగా మాన్పించమని అత్తయ్యగారు, నిజం చెప్పేద్దామని మా ఆయన. ఏ మాటలతో చెప్పాలో తెలియలేదు. మా సమాధుల తోటలో ప్రతి రాతి మీదా "ప్రభువునందు నిద్రించెను" అని ఉంటుంది. పాప నిద్రపోయిందని చెబితే, వాడు తాను నిద్రపోవడానికి భయపడడా? యేసయ్య తీసుకున్నాడని చెబితే, ఎవరితో రోజూ మాట్లాడుతున్నాడో ఆయనకే భయపడడా? ఈ రెండో సందేహం పాస్టరమ్మగారిది. ఆవిడా, పాస్టరుగారూ ఒక సాయంత్రం వచ్చి వరండాలో కూర్చున్నారు. ఆవిడ సలహా మీద నేను వాణ్ణి దగ్గరకు తీసుకుని, పాప చాలా చిన్నదనీ, పెరగలేక చనిపోయిందనీ, ఇప్పుడు నా పొట్టలో లేదనీ, దేవుని దగ్గర ఉందనీ, అమ్మకు అందుకే ఏడుపు వస్తోందనీ, నీ వల్ల ఏమీ కాలేదనీ చెప్పాను. వాడు నా చీర కొంగు పక్కకు జరిపి, పొట్టను చూసి, "పాప ఎప్పుడు వస్తుంది?" అని అడిగాడు. రాదు నాన్నా అన్నాను. సరే అని బంతి కోసం వెళ్లిపోయాడు. మళ్లీ గంట తరువాత అదే ప్రశ్న. ఆ నెలలో దాదాపు ప్రతిరోజూ అడిగాడు. ప్రతిరోజూ రాదు నాన్నా అనవలసి వచ్చింది. అన్నిసార్లు పైకి అనడం వల్లనే నేను ఆ మాటను నమ్మగలిగానని ఇప్పుడు అనిపిస్తుంది.

అయినా రాత్రి వాక్యం మారలేదు. చనిపోయినవారి కోసం ప్రార్థించే పద్ధతి మా సంఘంలో లేదు గనుక, ఇది తప్పా అని పాస్టరుగారిని అడిగాము. పిల్లవాడి నోటి నుంచి మీరు తీయకండి, దేవునికి అర్థమవుతుంది అన్నారాయన. అలా ఆగస్టు, సెప్టెంబరు గడిచాయి. మేము ముగ్గురమూ మళ్లీ ఆమేన్ అనడం నేర్చుకున్నాము. నవంబరు 2న సమాధుల పండుగకు మామయ్యగారి సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాము. మా బిడ్డకు సమాధి లేదు, సంఘం రిజిస్టర్లలో దేనిలోనూ పేరు లేదు, అసలు పేరే లేదు. ఆ రోజు అక్కడ నేను ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

డిసెంబరులో ఎదురింటివారు ఒక కుక్కపిల్లను తెచ్చారు. రెండు రోజుల్లో మా వాడి వాక్యంలో పొట్టలో పాప ఉన్న చోటికి అది వచ్చి చేరింది. అత్తయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఆ రాత్రి వాణ్ణి పడుకోబెట్టి, చీకట్లో ఏడ్చాను. రోజూ నోరు తెరిచి ఆ బిడ్డను తలచిన ఆఖరి మనిషి కూడా మానేశాడనిపించింది.

ప్రసవ తేదీగా డాక్టరుగారు మొదట రాసి ఇచ్చినది 2024 జనవరి 26. ఆ తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. మా అత్తయ్యగారు రోజూ నాలుగున్నరకే లేచి, ముందు గదిలో మోకాళ్ల మీద, పైకే మాట్లాడుతూ ప్రార్థిస్తారు. ఆవిడ తల్లికి గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ స్థాపించిన ఆసుపత్రిలో నాలుగు కాన్పులు జరిగాయనీ, వాటికి ముందు రెండు నిలవలేదనీ, ఆ రెండింటి గురించి ఆమె బతికినంత కాలం ఎవరితోనూ మాట్లాడలేదనీ నాకు నీళ్లు పోసిన రోజుల్లో ఒకసారి చెప్పారు. ఆ ఉదయం మంచినీళ్ల కోసం వెళుతూ తలుపు దగ్గర ఆగాను. ఆవిడ ఎప్పటిలాగే పిల్లలను, అల్లుణ్ణి, నన్ను పేరుపేరునా తలచి, "నలుగురు మనవలనిచ్చిన తండ్రీ, నీకు స్తోత్రం" అన్నారు. మా ఆడపడుచుకు ఇద్దరు పిల్లలు. మాకు ఒక్కడు.

తలుపు చాటునే నిలబడి ఆమేన్ అన్నాను. ఆవిడకు వినిపించిందో లేదో అడగలేదు.