నలభై ముగ్గురు పిల్లలు, ఒక పట్టిక

వైకల్యాలున్న పిల్లలు చదివే మా ప్రభుత్వ ప్రత్యేక పాఠశాల నుంచి ఏటా పై కార్యాలయానికి పంపవలసిన నమోదు వివరాల పట్టికను ఆ ఏడు నన్ను తయారు చేయమన్నారు. అంతకు ముందు ఆ పని చూసిన గుమస్తా బదిలీ అయ్యారు. మీ తరగతిలో ఆరుగురే కదా, మీకు కాస్త తీరిక ఉంటుందని హెడ్‌మాస్టరుగారు నాకు అప్పగించారు. అలాంటి ఆరుగురితో ఎంత తీరిక ఉంటుందో ఆయనకూ తెలుసు, కానీ కాగితం ఎవరో ఒకరు నింపాలి. ఒక సాయంత్రంలో తేలిపోతుందనుకున్న పనికి మూడు వారాలు పట్టింది.

మొదటి చిక్కు మొత్తం దగ్గరే వచ్చింది. అడ్మిషన్ రిజిస్టరులో 45 పేర్లున్నాయి, హాజరు పట్టీలో 42. ఇద్దరు టీసీ తీసుకోకుండానే మామూలు బడికి వెళ్లిపోయారు. మూడో అబ్బాయి నెలల తరబడి ఆస్పత్రిలో ఉండటంతో కొత్త నెల పట్టీ రాసేటప్పుడు ఎవరో అతని పేరు వదిలేశారు. అతను బడి మానలేదు కాబట్టి తిరిగి చేర్చాను. అలా లెక్క 43 దగ్గర నిలిచింది.

తరగతి గడి మా బడికి అసలు అతకదు. మా దగ్గర పిల్లలను వయసును బట్టి కాక, నేర్చుకుంటున్న స్థాయిని బట్టి కూర్చోబెడతాం కాబట్టి, పద్నాలుగేళ్ల అబ్బాయి ఎనిమిదేళ్ల పాపతో కలిసి అక్షరాలు దిద్దుతుంటాడు. ఇన్నాళ్లూ వయసు చూసి ఏదో ఒక తరగతి వేసేస్తూ వచ్చారు. పట్టిక చివర ‘తరగతి వర్తించదు’ అనే నిలువు వరుస ఉందని నేను గమనించి అక్కడికి మార్చాను.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది ‘ప్రధాన వైకల్యం’ గడి. ఒక్కొక్కరికి ఒక్కటే గుర్తు పెట్టాలి. నా తరగతిలోని ఒక పాపకు నడక రాదు, మాట స్పష్టంగా ఉండదు, చూపూ తక్కువే. పాత పట్టికలు తీసి చూస్తే ఒక ఏడు ఆమె సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే కదలికల లోపం) కింద, మరుసటి ఏడు మేధో వైకల్యం కింద ఉంది. ఈ రెండేళ్ల మధ్య ఆమెలో ఏ మార్పూ లేదు. రాసిన చెయ్యి మాత్రమే మారింది. అందుకని యునిసెఫ్, వైకల్య గణాంకాల మీద పనిచేసే వాషింగ్టన్ గ్రూప్ కలిసి 2016లో తెచ్చిన ప్రశ్నావళిని ముందు పెట్టుకుని ఆమె తల్లితో కూర్చున్నాను. అది రోగం పేరు అడగదు. చూడటం, వినడం, నడవడం, తన పనులు తాను చేసుకోవడం, నేర్చుకోవడం వంటి వాటిలో ఇబ్బంది లేదా, కొంత ఉందా, చాలా ఉందా, అసలు చేయలేదా అని అడుగుతుంది. “ఇబ్బంది పిల్లకా, నాకా టీచరుగారూ?” అందావిడ. పిల్లకే అని చెప్పి, నాలుగింటిలో ‘చాలా’ లేదా ‘చేయలేదు’ వచ్చాక, ఆమెను బహుళ వైకల్యాల కింద రాశాను.

మగపిల్లలు 31, ఆడపిల్లలు 12 అని తేలేసరికి హెడ్‌మాస్టరుగారు కంగారుపడ్డారు. ఆటిజం నిర్ధారణ అయ్యేవారిలో మగపిల్లలు ఆడపిల్లలకు మూడు నాలుగు రెట్లు ఉంటారు, మా బడిలో ఆటిజం పిల్లలు ఎక్కువ కాబట్టి తేడా కొంత అక్కడిదే. కొంత మాత్రం ఆడపిల్లను ఇంట్లోనే ఉంచేసే తల్లిదండ్రులది కావచ్చు. ఏది ఎంతో ఈ పట్టిక చెప్పలేదు. నిరుడు 40 మందిలో ఆడపిల్లలు 13 మంది, అంటే 32.5 శాతం. ఇప్పుడు 28 శాతం. చూడటానికి పెద్ద పతనమే గాని, జరిగిందల్లా ఒక అమ్మాయి చదువు ముగించి వెళ్లడం, నలుగురు అబ్బాయిలు చేరడం. ఇంత చిన్న బడిలో ఒక్క పిల్లవాడే రెండు శాతానికి పైగా తూగుతాడు. అందుకే శాతాల పక్కన అసలు అంకెలు కూడా వేశాను.

ఆ పట్టికనే నోటీసు బోర్డుకూ అతికించడం మా బడి అలవాటు. ఇంటి భాష, వైకల్యం, వయసు కలిపి చూస్తే చాలా గడుల్లో ‘1’ ఉంది. ఆ ఒక్కరెవరో వీధిలో ఎవరైనా చెప్పగలరు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం గణాంకాలు సేకరించమంటూనే గోప్యత కాపాడమంటుంది. ఆ ఒక్కటిని చుక్కగా మార్చితే సరిపోదు, మొత్తంలోంచి మిగిలినవి తీసివేస్తే అది బయటపడుతుంది. వరుసలో మరో గడినీ దాచాలి, ఆ తర్వాత నిలువు వరుసలోనూ అదే తిప్పలు. చివరికి పూర్తి ప్రతి కార్యాలయానికి, చుక్కల ప్రతి బోర్డుకు వేరువేరుగా తయారు చేశాను. అయినా వారం తిరక్కుండా “గడులు ఖాళీగా ఉన్నాయి” అంటూ కార్యాలయం నుంచి పట్టిక వెనక్కి వచ్చింది. తొందరలో కవర్లు తారుమారు చేసింది నేనే. బోర్డు మీది పూర్తి ప్రతిని పీకి, రెండింటినీ మార్చాను.

వేసవి తర్వాత కొత్త గుమస్తా వచ్చారు. ఏ పిల్లను ఏ గడిలో ఎందుకు వేశానో పేరుపేరునా రాసుకున్న నోటుబుక్కు ఆయనకు ఇచ్చి, బీరువాలో తాళం వేసి ఉంచమన్నాను.