అమెరికా హిస్టరీ ప్రిపరేషన్: జేమ్స్‌టౌన్ నుంచి 1920ల దాకా నేను చదివిన పద్ధతి

ఫ్రెండ్స్, సివిల్స్ మెయిన్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళు, జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్ 1లో వరల్డ్ హిస్టరీ అంటే టెన్షన్ పడేవాళ్ళు అమెరికా పార్ట్ ఎలా చదవాలి అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తే మేలనిపించింది. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ముందు సిలబస్ సంగతి. ఆప్షనల్ పేపర్ 2లో అమెరికా పేరుతో కనిపించేవి ముఖ్యంగా రెండు లైన్లు. అమెరికన్ విప్లవం, రాజ్యాంగం అని ఒకటి, లింకన్, బానిసత్వ నిర్మూలనతో కలిపి సివిల్ వార్ (ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం) అని ఇంకోటి. ఆ తర్వాతి కథంతా పారిశ్రామికీకరణ కింద కొంచెం, ప్రపంచ యుద్ధాల కింద కొంచెం ముక్కలు ముక్కలుగా వస్తుంది. అందుకే చాలామంది 1776 (స్వాతంత్ర్య ప్రకటన) ఒక నోట్స్, 1861 (సివిల్ వార్ మొదలు) ఒక నోట్స్ రాసుకుని మధ్యలో ఉన్న డెబ్బై ఎనభై ఏళ్ళు వదిలేస్తారు. కానీ అసలు కథంతా ఆ మధ్యలోనే ఉంది, అది తెలియకుండా సివిల్ వార్ ఎందుకొచ్చింది అంటే నార్త్ సౌత్ తేడాలు అని నాలుగు పాయింట్లు రాసి ఊరుకోవాల్సిందే.

నేను పట్టుకున్న దారం ఒక్కటే, రాజీలు. అమెరికా చరిత్రలో పెద్ద మలుపు ప్రతిదాని దగ్గరా ఎవరో ఇద్దరు కూర్చుని రాజీ పడ్డారు, 1787లో, 1820లో, 1850లో, 1877లో. ఒక్కో రాజీకి నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసుకుని, ఎవరికి ఏం దక్కింది, ఏ గొడవ వాయిదా పడింది, ఆ రాజీ ఎన్నాళ్ళు నిలిచింది అని రాసుకున్నా. అన్నిటికంటే ముఖ్యంగా ఆ రాజీ జరిగిన గదిలో లేని మనిషి ఎవరు అని పేజీ పైన పెద్దక్షరాలతో రాసేవాణ్ణి, ఎందుకంటే ప్రతిసారీ నష్టపోయింది ఆ మనిషే.

కాలనీల కాలం దగ్గర మొదలుపెడదాం. 1607లో జేమ్స్‌టౌన్ పెట్టింది వర్జీనియా కంపెనీ, మన ఈస్ట్ ఇండియా కంపెనీ లాగే వాటాల మీద నడిచే వ్యాపార సంస్థ. పొగాకు పండాక ఆ కాలనీ నిలదొక్కుకుంది, పొగాకుకి కూలీలు కావాలి. 1619 సంవత్సరం బాగా గుర్తుపెట్టుకోండి, ఆ ఏడు జూలై చివర్లో వర్జీనియాలో ఎన్నికైన ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చుంది, ఆగస్టులో అదే వర్జీనియా తీరంలో పాయింట్ కంఫర్ట్ దగ్గర ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లని ఓడలోంచి దింపి అమ్మారు. ప్రజాస్వామ్యం, బానిసత్వం ఒకే వేసవిలో ఒకే నేల మీద మొదలయ్యాయి. విప్లవం మీద ఏ ప్రశ్న వచ్చినా ఇంట్రోలో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి రాస్తే ఆన్సర్ మొదటి లైన్‌లోనే నిలబడుతుంది. 1620లో మేఫ్లవర్ ఓడలో వలసదారులు వచ్చిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాని మీద ఆగను. 1662లో తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే అని వర్జీనియాలో చట్టం చేశారు, 1676లో బేకన్ తిరుగుబాటులో తెల్ల కూలీలు నల్లవాళ్ళు కలిసి ఆయుధం పట్టారు, ఆ తర్వాత పెద్ద రైతులు బానిసల మీదే ఎక్కువగా ఆధారపడుతూ వచ్చారు, 1705 నాటికి ఆ చట్టాలన్నీ ఒక కోడ్‌గా గట్టిపడిపోయాయి.

ఇక విప్లవానికి కారణాలు. ఏడేళ్ళ యుద్ధం అనగానే ఎక్కడో కెనడాలో జరిగిందనుకుంటాం గానీ అదే ఇంగ్లీషు ఫ్రెంచి పోటీ మన గడ్డ మీద కూడా నడిచింది. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర జరిగిన యుద్ధం, 1759లో కల్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకోవడం, ఇవన్నీ ఆ యుద్ధంలో భాగమే. గ్రూప్స్‌కి ఏపీ హిస్టరీ చదివినవాళ్ళకి ఈ పేర్లు కొత్త కాదు, కాబట్టి కొత్తగా బట్టీ పట్టాల్సిన పనిలేదు, తెలిసినదానికి తగిలించుకోండి చాలు. యుద్ధం 1763లో అయ్యేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయింది, ఆ భారం కొంత కాలనీల మీద వేద్దామని 1764 షుగర్ యాక్ట్, 1765 స్టాంప్ యాక్ట్, 1767 టౌన్‌షెండ్ పన్నులు. అదే 1763లో అపలాచియన్ కొండలు దాటి స్థిరపడొద్దని రాజు ప్రకటన ఇచ్చాడు, భూమి మీద ఆశ పెట్టుకున్న కాలనీవాళ్ళకి అది పన్నుల కంటే తక్కువ కోపమేం తెప్పించలేదు. ఈ పాయింట్ చాలా తక్కువ మంది రాస్తారు, మీరు తప్పకుండా రాయండి.

టీ యాక్ట్ దగ్గర ఒకటి జాగ్రత్త. టీ ధర పెరిగింది కాబట్టి బోస్టన్‌లో పారబోశారు అని రాసేవాళ్ళు ఉన్నారు, జరిగింది దానికి రివర్స్. 1773 చట్టంతో టీ చవకైంది, కానీ పన్ను అలాగే ఉంది, అమ్మే హక్కు ఈస్ట్ ఇండియా కంపెనీ చేతికి పోయింది, లోకల్ వర్తకుల పొట్ట కొట్టినట్టయింది. కంపెనీ దివాలా అంచున ఎందుకుంది అంటే అందులో 1770 బెంగాల్ కరువు తర్వాతి పరిస్థితి కూడా ఉంది, అందుకే అదే 1773లో మన దగ్గర కంపెనీ మీద పార్లమెంటు పట్టు బిగిస్తూ రెగ్యులేటింగ్ యాక్ట్ వచ్చింది. ఆ డిసెంబర్ 16 రాత్రి హార్బర్‌లో పడింది 342 పెట్టెల టీ. 2013 మెయిన్స్‌లో అమెరికన్ విప్లవం వర్తకవాదం (కాలనీల వ్యాపారం పాలించే దేశం లాభం కోసమే అనే విధానం) మీద ఆర్థిక తిరుగుబాటు అని ఇచ్చి సమర్థించమన్నారు కదా, దానికి ఈ మెటీరియల్ అంతా అతికినట్టు సరిపోతుంది. కానీ చివర్లో ఆర్థికం ఒక్కటే కాదు, ప్రాతినిధ్యం అనే ఆలోచన, 1776 జనవరిలో థామస్ పెయిన్ రాసిన కరపత్రం ప్రభావం కూడా ఒక పేరాలో చెప్పాలి.

యుద్ధం సంగతి త్వరగా ముగించేయొచ్చు. 1775 ఏప్రిల్ లెక్సింగ్టన్, 1777 సారటోగాలో కాలనీల గెలుపు, అది చూసి 1778లో ఫ్రాన్స్ చేతులు కలపడం, 1781 యార్క్‌టౌన్, 1783 పారిస్ ఒప్పందం. యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన సైన్యం బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్‌ది, ఆయనే 1786లో మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చి 1793లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు, తర్వాత అది ఉత్తర సర్కారు జిల్లాల్లోకి కూడా వచ్చింది. ఇది ఇండియన్ హిస్టరీ ఆన్సర్‌లో కూడా పనికొస్తుంది.

ఇప్పుడు మొదటి రాజీ, 1787లో రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభ. దీని మీద మాత్రం టైమ్ పెట్టండి. మసాచుసెట్స్‌లో అప్పుల పాలైన రైతులు షేస్ నాయకత్వంలో తిరగబడ్డారు, కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు, సైన్యం లేదు, ఇలా అయితే దేశం నిలవదని 55 మంది ప్రతినిధులు కూర్చున్నారు, చివరికి సంతకం పెట్టింది 39 మంది. పెద్ద రాష్ట్రాలు చిన్న రాష్ట్రాల గొడవకి రెండు సభలు పెట్టి పరిష్కారం దొరికింది, దాన్ని అందరూ రాస్తారు. అసలు ముడి అక్కడ లేదు. బానిసల్ని జనాభాలో లెక్కపెట్టాలా వద్దా అంటే ఐదుగురిని ముగ్గురుగా లెక్కపెడదాం అని తేల్చారు, దాంతో ఓటే లేని మనుషుల పేరు మీద సౌత్‌కి ప్రతినిధుల సభలో అదనపు సీట్లు, అధ్యక్ష ఎన్నికలో అదనపు ఓట్లు వచ్చాయి. 1808 దాకా బానిసల దిగుమతి ఆపకూడదన్నారు, పారిపోయిన బానిసని పట్టి అప్పగించాలన్నారు. ఈ పేజీ రాసుకుంటుంటే నాకు నిజంగా కడుపులో దేవినట్టయింది, ఎందుకంటే పదకొండేళ్ళ ముందే మనుషులందరూ సమానంగా పుట్టారు అని ప్రపంచానికి ప్రకటించిన దేశం అది. 2019లో ఆధునిక ప్రపంచానికి పునాదులు వేసింది అమెరికన్, ఫ్రెంచి విప్లవాలే అన్న ప్రశ్న అడిగారు కదా, లిఖిత రాజ్యాంగం, అధికారాల విభజన, 1791 హక్కుల బిల్లు గురించి గొప్పగా రాయండి, అవి నిజంగా గొప్పవే, కానీ ఈ ఐదింట మూడొంతుల లెక్క కూడా అదే ఆన్సర్‌లో ఉండాలి.

అప్పట్లో బానిసత్వం దానంతటదే తగ్గిపోతుందని చాలామంది అనుకున్నారు. 1793లో ఎలై విట్నీ కాటన్ జిన్ వచ్చి ఆ అంచనా తలకిందులు చేసింది. గింజ తీసే పని సులువైపోయేసరికి పత్తి వేసే నేల పెరిగింది, ఇంగ్లండ్ మిల్లులకి ఎంత పత్తయినా చాలదు. 1790 లెక్కల్లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి 40 లక్షల దాకా అయ్యారు. ఆ పత్తి నేల ఎక్కడిది అని కూడా అడగండి. 1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ నేటివ్ అమెరికన్లని వాళ్ళ నేల నుంచి తరలించే ఇండియన్ రిమూవల్ యాక్ట్ తెచ్చాడు, 1832లో సుప్రీంకోర్టు వాళ్ళలో ఒక తెగ అయిన చెరోకీల పక్షాన తీర్పు ఇచ్చినా ఆగలేదు, 1838లో వాళ్ళని జార్జియా ప్రాంతం నుంచి పడమటికి తరిమారు, దారిలో, క్యాంపుల్లో చనిపోయినవాళ్ళు నాలుగు వేల దాకా ఉంటారని అంచనా.

ఇక్కడ మ్యాప్ తప్పనిసరి, చేత్తో గీయండి. 1803లో నెపోలియన్ దగ్గర ఒకటిన్నర కోట్ల డాలర్లకి కొన్న లూసియానా ఒక రంగు, 1848లో మెక్సికో నుంచి లాక్కున్నది ఇంకో రంగు. కొత్త నేల వచ్చిన ప్రతిసారీ అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అనే గొడవ తిరిగి లేచింది. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ని స్వేచ్ఛా రాష్ట్రంగా తీసుకుని మిగతా లూసియానా నేలలో 36°30′ అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండదని గీత గీశారు. 1850లో కాలిఫోర్నియాని స్వేచ్ఛా రాష్ట్రం చేసి, బదులుగా పారిపోయిన బానిసల చట్టాన్ని ఇంకా కఠినం చేశారు, దాంతో నార్త్‌లో ఎప్పుడూ బానిసని చూడనివాడికి కూడా తన వీధిలో మనిషిని సంకెళ్ళతో లాక్కెళ్ళడం కనిపించింది. అసలు కట్టకుండా నోటు తిరగరాయించుకుంటూ పోతే వడ్డీ ఎలా పేరుకుంటుందో అలా పేరుకుంది ఆ గొడవ. 1854 కాన్సాస్ నెబ్రాస్కా చట్టం ఆ 1820 గీతనే చెరిపేసింది, 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవాళ్ళు అసలు పౌరులే కాలేరని సుప్రీంకోర్టు అంది, 1859లో బానిసల తిరుగుబాటు లేపాలని జాన్ బ్రౌన్ చేసిన దాడి, 1860లో లింకన్ గెలుపు, డిసెంబర్‌లో సౌత్ కరోలినా విడిపోవడం. ఈ వరుస మీ చేతిలో ఉంటే సివిల్ వార్ కారణాలు అనే ప్రశ్నకి పాయింట్లు వెతుక్కోవాల్సిన పనే ఉండదు.

లింకన్ మీద ఆన్సర్ బ్యాలెన్స్‌గా ఉండాలి. ఆయన మొదటి లక్ష్యం యూనియన్‌ని, అంటే దేశాన్ని ఒకటిగా నిలబెట్టడం, 1863 జనవరి 1 బానిసల విముక్తి ప్రకటన తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది, యూనియన్‌లో ఉండిపోయిన కెంటకీ లాంటి బానిస రాష్ట్రాలని ముట్టుకోలేదు. దేశమంతటా రద్దయింది 1865లో 13వ సవరణతో. అయినా ఆ ప్రకటనతో యుద్ధం అర్థమే మారిపోయింది, బ్రిటన్ సౌత్ పక్షాన దిగడం కష్టమైంది. ఇంకొకటి, బానిసల్ని ఎవరో వచ్చి విడిపించారన్నట్టు రాయొద్దు, పొలాలు వదిలి వాళ్ళే వేలకొద్దీ యూనియన్ సైన్యం దగ్గరికి నడిచి వచ్చారు, దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఆ సైన్యంలో పోరాడారు. యుద్ధంలో మొత్తం చనిపోయినవాళ్ళు 6 లక్షల పైనే.

ఇండియా లింక్ కూడా రాయండి. అమెరికా పత్తి ఆగిపోయి మాంచెస్టర్ మన వైపు చూసింది, బొంబాయిలో, బేరార్‌లో పత్తి ధర ఎగిసింది, 1865 తర్వాత ఢమాల్‌మని పడింది, 1875 దక్కన్ రైతుల తిరుగుబాటు వెనక ఆ అప్పులు కూడా ఉన్నాయి. 1873లో జ్యోతిరావు ఫూలే తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వం పోగొట్టినందుకు అమెరికా ప్రజలకి అంకితం ఇచ్చాడు. కులం మీద రాసే ఆన్సర్‌లోనూ ఈ లైన్ పనికొస్తుంది.

ఇక అందరూ వదిలేసే చాప్టర్, పునర్నిర్మాణం, అంటే సివిల్ వార్ తర్వాత సౌత్‌ని తిరిగి దారిలో పెట్టిన కాలం. దయచేసి దీన్ని వదలొద్దు. 1868లో 14వ సవరణతో నల్లవాళ్ళకి పౌరసత్వం, 1870లో 15వ సవరణతో నల్లజాతి మగవాళ్ళకి ఓటు, అదే 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ మొదటి నల్లజాతి సెనేటర్ అయ్యాడు. అంతలోనే 1876 అధ్యక్ష ఎన్నిక వివాదంలో పడింది, రిపబ్లికన్ హేస్‌కి 185, డెమొక్రాట్ టిల్డెన్‌కి 184 ఎలక్టోరల్ ఓట్లు అని తేల్చారు, అందుకు ప్రతిగా 1877లో సౌత్ నుంచి ఫెడరల్ సైన్యం అండ తీసేశారు. మళ్ళీ గదిలో లేనివాడే బలి. ఆ తర్వాత నల్లవాళ్ళ ఓటు ఆపడానికి పోల్ ట్యాక్స్, అక్షరాస్యత పరీక్షలు, భూమి లేక పాత యజమాని పొలంలోనే పాలుకి సేద్యం, 1896లో ప్లెసీ కేసులో వేరు చేసినా సమానమే అన్న తీర్పు. నా లెక్కలో సివిల్ వార్ ఆన్సర్ 1865లో కాదు, 1877లో ముగియాలి.

1869లో ఖండాన్ని దాటే రైలు, 1882లో చైనీయుల వలస నిషేధం, 1890లో గుత్తాధిపత్యాల మీద షెర్మన్ యాక్ట్, వూండెడ్ నీ దగ్గర నేటివ్ అమెరికన్ల ఊచకోత, 1898 స్పెయిన్ యుద్ధంతో ఫిలిప్పీన్స్, 1911లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని ముక్కలు చేయడం, 1913లో ఇన్‌కమ్ ట్యాక్స్, ఫెడరల్ రిజర్వ్ అనే కేంద్ర బ్యాంకు. వీటికి ఒక్కో లైన్ చాలు. 1913 దగ్గర బ్రిటిష్ పాలన మీద పోరాడటానికి అక్కడి భారతీయులు పెట్టిన గదర్ పార్టీ కూడా రాసుకోండి, కనిగిరి నుంచి వెళ్ళిన మన దరిశి చెంచయ్య అందులో పనిచేశారు. 1917 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి, 1918లో అధ్యక్షుడు విల్సన్ శాంతి కోసం ఇచ్చిన పద్నాలుగు సూత్రాలు, చివరికి సొంత సెనేటే వెర్సైల్స్ ఒప్పందాన్ని తిరస్కరించింది.

1920లు అనగానే ఫోర్డ్ కార్లు, రేడియో, షేర్ మార్కెట్ అని రాసి ఆపేయకండి. 1920లో 19వ సవరణతో ఆడవాళ్ళకి ఓటు, అదే ఏడాది నుంచి మద్య నిషేధం, సౌత్ నుంచి నార్త్ సిటీలకి లక్షల మంది నల్లవాళ్ళ వలస, 1921లో టల్సాలో వాళ్ళ పేట తగలబెట్టడం, 1925లో వాషింగ్టన్ వీధుల్లో తెల్లజాతి ఆధిపత్యవాదుల కూ క్లక్స్ క్లాన్ ఊరేగింపు, ఇవన్నీ ఒకే దశాబ్దం. 1923లో భగత్ సింగ్ థింద్ కేసు మనకి బాగా దగ్గరిది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ మనిషికి, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి పౌరుడివి కాలేవని సుప్రీంకోర్టు చెప్పింది, అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో చాలామందికి దాన్ని రద్దు చేశారు. 1924లో వలస కోటా చట్టం ఆసియావాళ్ళకి తలుపులు దాదాపు మూసేసింది, అదే 1924లో ఆ నేల అసలు మనుషులైన నేటివ్ అమెరికన్లందరికీ పౌరసత్వం ఇస్తూ చట్టం చేశారు.

నా అమెరికా నోట్‌బుక్ ఈ 1924 పేజీతోనే ఆగుతుంది. 1929 క్రాష్, డిప్రెషన్ జర్మనీతో కలిపి చదివితేనే అర్థమవుతాయి కాబట్టి వాటిని రెండో ప్రపంచ యుద్ధం నోట్స్‌లో పెట్టుకున్నా. రివిజన్‌కి మాత్రం ఆ నాలుగు రాజీల పేజీలు, చేత్తో గీసిన మ్యాప్, వీటినే మళ్ళీ మళ్ళీ తిప్పండి, ప్రతి పేజీ నుంచి 250 పదాల ఆన్సర్ ఒకటి టైమ్ పెట్టుకుని రాయండి. తెలుగు మీడియం వాళ్ళు పేర్లు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగ్‌తో రాయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి, పరీక్ష హాల్లో ఆలోచించే టైమ్ ఉండదు.