తెరచాపలు దించినా బోల్తా కొడుతున్న కెటమరాన్

నా రేడియో కంట్రోల్ కెటమరాన్ మోడల్ (రెండు హల్స్, అంటే రెండు పడవ దేహాలు పక్కపక్కన ఉన్న తెరచాప పడవకి నమూనా) మళ్లీ తిరగబడింది! ఫిన్లు (అడుగున నీళ్లలోకి దిగే పలకలు) పైకి లాగేశాను, తెరచాప ఒక్కటీ లేదు, ఒట్టి మాస్ట్‌తో (తెరచాప కట్టే స్తంభంతో) కెరటానికి అడ్డంగా వదిలాను. అయినా భీమిలిలో గోస్తనీ మొగ దగ్గర 30 సెం.మీ. కెరటం విరిగేసరికి తలకిందులైపోయింది.

తెరచాపలతో పడిపోతే ఇంత బాధ ఉండదు, దాని లెక్క తెలిసిందే. 2010లో పసిఫిక్‌లో టోంగా నుంచి నియూ దీవికి వెళ్తున్న 57 అడుగుల కెటమరాన్ ‘ఆనా’ని పడగొట్టింది 62 నాట్ల (గంటకు దాదాపు 115 కి.మీ.) గాలివాన. నా మోడల్ 12 మీటర్లు, 10 టన్నుల క్రూజింగ్ పడవకి పన్నెండో వంతు. అంటే పొడవు మీటరు, బరువు 5.8 కిలోలు, రెండు హల్స్ నడిగీతల మధ్య 41 సెం.మీ. మాస్ట్ కొస నీటికి 1.6 మీటర్ల ఎత్తు. అక్కడ లగేజీ కాటా కట్టి పక్కకి లాగితే 740 గ్రాములకి ఒక హల్ నీళ్లొదిలింది, కాగితం మీద కూడా అంతే వచ్చింది.

తేలనిది కెరటం సంగతి. ఫిన్లు దించి ఉంటే 22 సెం.మీ. కెరటానికే పడుతోంది. అది అర్థమవుతుంది: ఫిన్ కింద నీటిని పట్టేసుకుంటుంది, పడవ పక్కకి జారలేదు, కెరటం వచ్చి పైభాగాన్ని తోసేస్తుంది. ఎత్తేస్తే అదే కెరటానికి 60, 70 సెం.మీ. జారి నిలదొక్కుకుంటోంది. 30 సెం.మీ. కెరటానికి మాత్రం (అసలు పడవకి ఇది 3.6 మీటర్లు) ఆ జారుడు సగంలో ఆగిపోతోంది. ఎందుకు?

ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి కదిపి కదిపి చూశాను. కెరటం వైపు హల్ లేస్తుంది, డెక్ అడుగు మొత్తం కనిపిస్తుంది. అవతలి హల్ పల్లంలోకి దిగుతుంది. అక్కడి నీరు వెనక్కి, కెరటం వైపే లాగుతోంది. ఆ హల్ అక్కడ ఆగుతుంది, పక్క అంచు మునుగుతుంది, ఆ తర్వాత అంతా అరసెకను పని. కెటమరాన్‌కి ఉన్న బలమంతా మొదటి పది పన్నెండు డిగ్రీల్లోనే. అక్కడి నుంచి ప్రతి డిగ్రీకీ తగ్గుతూ పోతుంది. విరిగే కెరటం మొదటి తోపుకే ఆ హద్దు దాటించేస్తోంది.

అడుగు తగులుతోందేమోనని కూడా అనుమానించాను. ఇంత కెరటం విరిగేది 38, 40 సెం.మీ. లోతులో, పల్లంలో ఇంకా తక్కువ. హల్ పెయింట్ మీద ఇసుక గీత కోసం ఈ చివర నుంచి ఆ చివర దాకా గోరుతో తడిమాను, ఒక్కటీ లేదు. చుక్కానులు ఊడదీసి వదిలినా అదే తీరు.

ఇప్పుడు నా అనుమానమంతా బరువు ఉన్న చోటు మీదే. అసలు పడవల్లో ఇంజిన్లు హల్స్‌లో ఉంటాయి. నా బ్యాటరీలు, సీసం కలిపి 1.2 కిలోలు నడుమ కేబిన్‌లో ఉన్నాయి. మోడల్‌ని ముక్కు కిందికి వచ్చేలా, 40 సెం.మీ. ఎడంతో 150 సెం.మీ. పొడవున్న రెండు తాళ్లకి వేలాడదీసి మెలితిప్పి వదిలితే ఒక్కో ఊపుకి 2.3 సెకన్లు పట్టింది. ఆ 1.2 కిలోలు హల్స్‌లోకి మారిస్తే లెక్క ప్రకారం 2.6 రావాలి. పడవ అంత బద్ధకంగా దొర్లితే కెరటం కిందనుంచి దాటిపోయే వ్యవధి దొరుకుతుంది. తెరచాప పడవలు తుఫానులో చిక్కుకున్న 1979 ఫాస్ట్‌నెట్ రేసు విషాదం తర్వాత ఒంటి హల్ పడవలపై జరిగిన పరీక్షల్లో, మాస్ట్ పోయిన పడవ, పైన దూరంగా ఉండే ఆ బరువు లేక, ఇంకా తేలిగ్గా దొర్లుతుందని తేలింది. కెటమరాన్‌కీ ఇది వర్తిస్తుందని నా నమ్మకం.

బ్యాటరీ బల్లలు అరాల్డైట్‌తో అతికించి రాత్రంతా ఆరనిస్తాను, ఐదు నిమిషాల్లో గట్టిపడే రకాలు ఉప్పునీటి పనికి నాకు నచ్చవు. రిమోట్ రేడియోకి ఫ్లైస్కై కంపెనీది చాలు, ఫుటాబా కంపెనీదానికి పెట్టే డబ్బు సీసానికీ తెరచాప బట్టకీ పెట్టుకోవచ్చు. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి చేసే గాలి పరీక్షలు మాత్రం ఎవరూ చెయ్యొద్దు. ఈ స్కేలుకి 12 నాట్ల గాలి అంటే అసలు పడవకి దాదాపు 42 నాట్లు. పైగా ఫ్యాన్ గాలి సుడులు తిరుగుతూ వస్తుంది, మాస్ట్ కొసన ఒకలా, డెక్ దగ్గర ఇంకోలా ఉంటుంది.

బరువు మార్చినా పడితే అడ్డంగా వదలడం మానేసి, వెనక జోర్డాన్ సిరీస్ డ్రోగ్ (నీటిని పట్టి పడవని వెనక్కి లాగే, గుడ్డ శంకువుల వరస ఉన్న తాడు) కట్టి కెరటానికి వీపు చూపిస్తాను. అసలు దాంట్లో ఐదంగుళాల గుడ్డ శంకువులు వందకు పైగా ఉంటాయి. పన్నెండో వంతుకి ఒక్కోటి సెంటీమీటరే వస్తుంది, అంత చిన్నవి కుట్టలేం. అందుకే గొడుగు గుడ్డతో 3 సెం.మీ. శంకువులు ఓ పదకొండు కుట్టాలనుకుంటున్నా, విస్తీర్ణం దాదాపు సరిపోతుంది. తాడు చివర తూకానికి చేపల వలకి కట్టే సీసం గుళ్లు వాడతాను.