వార్డెన్ గారు చదివిన మూడో అధ్యాయం

1979లో పదో తరగతి పాసైన మా బ్యాచ్ తరపున ఏదైనా రాయమని మన స్కూలు సంచిక కమిటీ అడిగింది. ఆటల పోటీల గురించి, మనం చేసిన అల్లరి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను బోర్డింగులో సాయంత్రం ప్రార్థన గురించి రాస్తాను, అదీ ఉప్పెన వచ్చిన సంవత్సరం గురించే.

1977 నవంబరు 19, శనివారం. మన బోర్డింగులో కిటికీ రెక్కలు ఊడిపోవడం తప్ప పెద్దగా ఏమీ కాలేదు. మా ఇల్లు మాత్రం దివిసీమలో, నాగాయలంక అవతల. ఫోన్లు లేవు, బస్సులు లేవు. పేపర్లో చనిపోయినవాళ్ల లెక్క రోజురోజుకీ పెరిగి పదివేల దగ్గర ఆగింది. మా వైపు వాళ్లు ఆ లెక్కని ఇప్పటికీ నమ్మరు.

దివి పిల్లలం కొద్దిమందిమి ఉండేవాళ్లం. అన్నం సహించేది కాదు. వంట మామ్మ పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టేది. "తినరా అయ్యా, మీ నాన్న వచ్చేసరికి నువ్వు నిలబడాలిగా" అనేది.

ప్రార్థనలో మామూలుగా చదివేది కీర్తనలే. ఆ వారం వార్డెన్ గారు విలాపవాక్యములు తీశారు. బైబిల్లో అలాంటి పుస్తకం ఉందని మాలో చాలామందికి తెలియదు. బబులోను సైన్యం యెరూషలేముని నేలమట్టం చేశాక పాడుకున్న ఏడుపు పాటలవి, ఐదు అధ్యాయాలు. తల్లుల ఒడిలో పసిపిల్లలు ప్రాణాలు వదలడం కూడా అందులో ఉంది. రోజుకో అధ్యాయం చదివారు, ప్రసంగం చేయలేదు. రెండో రోజు ఒక టీచరమ్మ ఉండబట్టలేక "పిల్లలకి ఇవెందుకండీ, ఆదరణ మాటలు చదవండి" అన్నారు. "వాళ్ల ఇళ్లల్లో జరిగింది దేవుడి గ్రంథంలోనూ ఉందని వాళ్లకి తెలియాలమ్మా" అన్నారాయన.

మూడో అధ్యాయం దేవుడి మీద ఫిర్యాదుతోనే మొదలవుతుంది. నా దారికి అడ్డంగా గోడ కట్టాడు, నా ప్రార్థన వినిపించుకోలేదు అంటాడు ఆ మనిషి. 22వ వచనం దగ్గరికి వచ్చాకే, దేవుడు కృపగలవాడు గనుక "మనము నిర్మూలము కాకున్నవారము" అంటాడు. వార్డెన్ గారు అక్కడ ఆగి, ఆ వచనం మళ్లీ చదివారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మావాళ్లు నిర్మూలమయ్యారో లేదో ఎవరు చెప్తారు?

తర్వాత నాన్న వచ్చారు, ఎవరో ఇచ్చిన చొక్కా వేసుకుని. రాత్రంతా తుమ్మచెట్టుని కావలించుకుని ఉన్నారట, చేతులు చీరుకుపోయి ఉన్నాయి. అమ్మ బతికింది. నాయనమ్మ, చెల్లి లేరు. వార్డెన్ గారు నాన్నని కూర్చోబెట్టి, కాళ్లు కడుక్కోవడానికి తనే నీళ్లు తెచ్చారు. దేవుడి చిత్తమనీ, ఓర్చుకోవాలనీ ఒక్క మాట అనలేదు. ఆ ఏడు నా బోర్డింగు ఫీజు ఎవరు కట్టారో మాకు ఎవరూ చెప్పలేదు.

అప్పటి విద్యామంత్రి, అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకట కృష్ణారావు గారి సహాయ పనుల గురించి దివిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రామకృష్ణ మిషన్ వాళ్లూ, చర్చిల వాళ్లూ వచ్చారు. ఏ కులమో, ఏ మతమో తెలియని శవాలను ముక్కుకి గుడ్డ కట్టుకుని మోసిన కుర్రాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. దేవుడి కనికరం ఎలా ఉంటుందని అడిగితే నాన్న వాళ్ల గురించే చెప్పేవారు. ఉప్పెక్కిన పొలం మళ్లీ పండేదాకా ఆయన చర్చిలో నోరు విప్పి పాడలేదు, అయినా ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఆ 22వ వచనం ఒక్కటే క్యాలెండర్ల మీద అచ్చువేయడం నాకు నచ్చదు. అది పుస్తకం చివర లేదు, ఏడుపు మధ్యలో ఉంది. దాని తర్వాత మళ్లీ ఏడుపే. ఆఖరి అధ్యాయం కూడా, మమ్మల్ని పూర్తిగా వదిలేశావా అన్న బాధతోనే ఆగిపోతుంది. బాధ తీరాకే నిరీక్షణ, అంటే ఆశ, కలగాలంటే మా నాన్నకి ఎప్పటికీ కలిగేది కాదు.

2021లో మా ఆవిడ ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు మా పాస్టర్ గారు ఫోన్ చేసి, ఏ వాక్యం చదవమంటారని అడిగారు. మూడో అధ్యాయం, మొదటి వచనం నుంచి చదవమన్నాను. ఆయన కాస్త తటపటాయించారు గానీ, చదివారు.