మేక్‌ఫైల్ లేకుండా జీలిబ్ 1.1.4: ఇప్పటిదాకా అయిన పని

పాత సీడీలో దొరికిన జీలిబ్ (డేటాను కుదించే లైబ్రరీ) ఫోల్డర్‌లో సోర్సు, హెడర్ ఫైళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఏ ఫైల్‌ని ఎలా కంపైల్ చేయాలో చెప్పే మేక్‌ఫైల్ లేదు, దాన్ని సిస్టంకి తగ్గట్టు సర్దే కాన్ఫిగర్ స్క్రిప్టూ లేదు. మెయిన్ హెడర్ తెరిస్తే వెర్షన్ 1.1.4 అని ఉంది, అంటే 2002 మార్చి నాటిది. కొత్తది దించుకోవడం ఎంతసేపు! కానీ నాకు కావలసింది ఈ పాతదే. దీన్నీ, దీనితో వచ్చే మినీజీజిప్ అనే బుల్లి ప్రోగ్రామునీ చేత్తో కంపైల్ చేయాలి.

మొదటి తలనొప్పి పేర్లతో. సీడీలో ఫైళ్లన్నీ పెద్దక్షరాల్లో ఉన్నాయి, సోర్సులోని ఇన్‌క్లూడ్ లైన్లు చిన్నక్షరాల్లో. లినక్స్‌కి ఒక్క హెడరూ దొరకలేదు. హెడర్ల పేర్లు మార్చాక ఇంకో వింత: ఫంక్షన్ ఎక్కడుంటే అక్కడ ఎర్రరే. ఎక్స్‌టెన్షన్‌లో పెద్ద సీ ఉంటే జీసీసీ కంపైలర్ ఆ ఫైల్‌ని సీ++ అనుకుంటుంది. ఈ సోర్సేమో పాత కె అండ్ ఆర్ పద్ధతిలో ఉంది: బ్రాకెట్లలో పేర్లు మాత్రమే, టైపులు కింది లైన్లలో. సీ++ దాన్ని ఒప్పుకోదు. సోర్సుల పేర్లు కూడా మార్చేస్తే గొడవ వదిలింది.

సీ భాష పాత రూపమే వాడమని, స్టాండర్డ్ గ్నూ89 అని ముందే ఇచ్చేశాను. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి డిక్లరేషన్ లేని ఫంక్షన్‌ని పిలవడం వార్నింగ్ కాదు, ఎర్రర్. జీసీసీ 15 అయితే ఏమీ చెప్పకపోతే సీ23 అనే కొత్త రూపం పట్టుకుంటుంది. పాత కోడ్‌తో ఆ టెన్షన్ ఎందుకు?

ఏ ఫైల్ లైబ్రరీలోది, ఏది విడి ప్రోగ్రాము? మేక్‌ఫైల్ చెప్పాల్సిన మాట ఇది. అన్నిటినీ లింక్ చేయకుండా ఆబ్జెక్ట్ ఫైళ్లుగా మార్చి, లోపలి పేర్లు చూపే ఎన్ఎమ్ కమాండ్‌తో ఎందులో మెయిన్ (ప్రోగ్రాము మొదలయ్యే ఫంక్షన్) ఉందో చూశాను. మూడింటిలో ఉంది: ఎగ్జాంపుల్, మినీజీజిప్, మేక్‌ట్రీ. చివరిది డీకోడింగ్ టేబుల్ హెడర్‌ని పుట్టించే పనిముట్టు. ఆ హెడర్ ఫోల్డర్‌లో ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు. మిగిలిన 14 ఆబ్జెక్టుల్ని ఏఆర్ కమాండ్‌తో ఒక ఆర్కైవ్‌గా, అంటే ఒకే లైబ్రరీ ఫైల్‌గా కట్టాను.

లింక్ చేసేటప్పుడు జీలిబ్‌ని వెతికి కలపమనే మైనస్ ఎల్‌జెడ్ ఆప్షన్ వాడలేదు. దారి చెప్పకుండా అలా ఇస్తే లింకర్ సిస్టంలో ఉన్న కొత్త జీలిబ్‌ని తెచ్చుకుంటుంది, ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది, మనం కట్టినది మూలన పడి ఉంటుంది. ఆర్కైవ్ ఫైల్ పేరే నేరుగా, మినీజీజిప్ ఆబ్జెక్ట్ తర్వాత రాశాను. తయారైన ఫైల్‌ని ఎల్‌డీడీతో (నడిచేటప్పుడు తెచ్చుకునే లైబ్రరీల్ని చూపే కమాండ్) చూస్తే జీలిబ్ పేరు కనిపించకూడదు. కనిపించలేదు.

మినీజీజిప్ ఒక్కటీ నడిస్తే లైబ్రరీ పూర్తిగా ఉన్నట్టు కాదు. కంప్రెస్, అన్‌కంప్రెస్ ఆబ్జెక్టులు దానికి అక్కర్లేదు. అవి లేకపోయినా లింక్ అయిపోతుంది. ఎగ్జాంపుల్‌కి అవి కావాలి, అందుకే దాన్ని కూడా లింక్ చేసి నడిపాను. తర్వాత మినీజీజిప్‌తో ఒక ఫైల్ కుదించి, సిస్టంలోని జీజిప్‌తో విప్పి, సీఎంపీతో పోల్చాను. తేడా లేదు. మినీజీజిప్ పని అయ్యాక అసలు ఫైల్‌ని తీసేస్తుంది కాబట్టి కాపీ మీదే ప్రయోగం చేయండి.

ఇంకా మిగిలింది జీజెడ్‌ప్రింట్‌ఎఫ్, అంటే కుదించే ఫైల్‌లోకి ఫార్మాట్ చేసిన టెక్స్ట్ రాసే ఫంక్షన్. మాక్రో ఏదీ ఇవ్వకపోతే అది 4096 బైట్ల బఫర్‌లోకి పొడవు చూసుకోకుండా రాసేస్తుంది. ఈ లోపం 2003లో బయటపడింది. ఈసారి హద్దు చూసే వీఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో కట్టి చూస్తాను. అప్పటిదాకా బయటి నుంచి వచ్చిన ఫైళ్లేవీ దీనికి ఇవ్వను.