షాఫ్ట్ 20 ఎందుకు? మెకానికల్ డిగ్రీ చివరి మెట్టు మీద నా అనుభవం

నిన్న సాయంత్రం మా ప్రాజెక్ట్ రిపోర్ట్ మీద చివరి సంతకం పడింది. అంటే నాలుగేళ్ల మెకానికల్ ఇంజనీరింగ్ అయిపోయినట్టే. సంతోషంగా ఉందా అంటే ఉంది, ఒళ్ళు మంటగా కూడా ఉంది. ఇంకో నెల ఆగితే ఈ మంట చల్లారిపోయి ఏవో నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకుంటాను, అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

ముందు తేలిగ్గా గట్టెక్కినవి చెప్పేస్తాను. డ్రాయింగ్‌లో ఫస్ట్ యాంగిల్ అంటే టాప్ వ్యూ కిందికి వస్తుందన్న సంగతి బుర్రకెక్కడానికి నెల పట్టింది, ఎక్కాక ఇబ్బంది లేదు. వర్క్‌షాప్‌లో ఇనుప ముక్కని ఆకురాయితో చదరంగా రుద్దమన్నారు, మూలమట్టం ఆనించి వెలుతురుకి పెట్టి చూస్తే సందులోంచి వెలుగు కనబడినంతసేపూ మళ్ళీ రుద్దాల్సిందే. చేతులు బొబ్బలెక్కాయి, అంతే. మెకానిక్స్‌లో ఫ్రీ బాడీ డయాగ్రమ్ (వస్తువు మీద పడే బలాలన్నీ చూపే బొమ్మ) గీసినవాడు పాసవుతాడు, నోటితో చేద్దామనుకున్నవాడు పోతాడు. థర్మోడైనమిక్స్ ఒకసారి పోయింది. 600 డిగ్రీలకీ 30 డిగ్రీలకీ మధ్య నడిచే కార్నో ఇంజిన్ సామర్థ్యం ఎంత అంటే, కెల్విన్‌లోకి మార్చకుండా సెల్సియస్ అంకెలే వేసేసి 95 శాతం అని రాశాను. రాసి ఊరుకోకుండా కింద రెండు గీతలు కూడా కొట్టాను. అసలు జవాబు 65. పేపర్ దిద్దినవాళ్ళు నవ్వుకునే ఉంటారు. రెండోసారి రాసి పాసయ్యాను. ఫ్లూయిడ్స్, మెటలర్జీ, హీట్ ట్రాన్స్‌ఫర్ వచ్చాయి, పోయాయి.

అసలు కథ చివరి ఏడాది ప్రాజెక్ట్‌ది.

మేం నలుగురం. ప్లాస్టిక్ బాటిళ్ళని ముక్కలు చేసే మెషిన్ చేద్దామనుకున్నాం. ఆలోచన కొత్తదేం కాదు, మాకు ముందు ఎంతమందో చేశారు. ఒక హార్స్‌పవర్ మోటార్, నిమిషానికి 1440 చుట్లు. మోటార్ మీద 50 మిల్లీమీటర్ల పుల్లీ, బ్లేడ్లని తిప్పే ఉక్కు కడ్డీ, అంటే షాఫ్ట్, మీద 200 మిల్లీమీటర్ల పుల్లీ, మధ్యలో బెల్ట్. వేగం నాలుగో వంతుకి తగ్గి 360 అవుతుంది. షాఫ్ట్‌కి రెండు వైపులా దాన్ని మోస్తూ తిరగనిచ్చే రెండు బేరింగులు, మధ్యలో బ్లేడ్లు, ఒక చివర బయటికి పొడుచుకొచ్చిన చోట పుల్లీ. వినడానికి ఎంత సింపుల్‌గా ఉందో చూడండి.

నలుగురం అన్నాను గానీ లేత్ మిషన్ దగ్గర నిలబడింది ఇద్దరమే. మూడోవాడు పీపీటీ నేను చూసుకుంటానన్నాడు, నిజంగానే పీపీటీ ఒక్కటే చూసుకున్నాడు. నాలుగోవాడు ఫోటో తీసే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వాడికీ నాకూ ఒకే గ్రేడ్ వచ్చింది, ఆ విషయం ఇప్పుడు తల్చుకోను. మా గైడ్ సర్‌కి వారానికోసారి పని చూపించాలి. ఏం తీసుకెళ్ళినా "బానే ఉంది, కానివ్వండి" అనేవారు. మంచి గైడ్ దొరికాడని సంబరపడ్డాం. ఇప్పుడు చెప్తున్నాను, మీ గైడ్ ప్రతిదానికీ బానే ఉంది అంటున్నారంటే భయపడండి. ఎందుకు ఇలా చేశావని విసిగించే మనిషిని పట్టుకోండి, ఆయన తిట్లు ఆ గదిలోనే అయిపోతాయి. మా సర్ మిగిల్చిన తిట్లన్నీ మేం అందరి ముందూ తిన్నాం.

వైవా రోజు వచ్చింది. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటినుంచి పరీక్షించడానికి, వచ్చింది ఒక మేడమ్, యాభై దాటి ఉంటాయి. కూర్చోగానే బ్యాగులోంచి సొంత వెర్నియర్ కాలిపర్స్ తీసి బల్ల మీద పెట్టుకున్నారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మెషిన్ ఆన్ చేశాం, బాటిల్ వేశాం, కరకరమని నమిలి ముక్కలు కింద పోసింది. గైడ్ సర్ మొహం వెలిగిపోయింది. ఆవిడ మెషిన్ ఆపమన్నారు, ప్లగ్ కూడా తీయమన్నారు, తీసిందాకా దగ్గరికి రాలేదు (మాలో ఒక్కడికీ ఆ అలవాటు లేదు, అది వేరే సిగ్గు). తర్వాత వంగి షాఫ్ట్‌కి కాలిపర్స్ ఆనించారు.

"ఇరవై ఉంది. ఎందుకు ఇరవై, బాబూ?"

"బేరింగ్ 6204 మేడమ్. దాని లోపలి వ్యాసం 20." అంతటితో ఆగానా, నంబర్‌లో చివరి రెండంకెలు 04 నుంచి పైకి ఉంటే వాటిని ఐదుతో గుణిస్తే మిల్లీమీటర్లలో వ్యాసం వచ్చేస్తుందని కూడా చెప్పాను, అడక్కపోయినా.

"మంచిది. మరి 6204 ఎందుకు తీసుకున్నారు?"

"షాఫ్ట్ 20 కదా మేడమ్."

మాట బయటికొచ్చాక గానీ నేనేమన్నానో నాకే తెలియలేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నవ్వేసి ఉంటే బాగుండేది. నా పక్కవాణ్ణి అడిగారు. వాడు "స్టాండర్డ్ సైజు మేడమ్" అన్నాడు. "17 కూడా స్టాండర్డే, 25 కూడా స్టాండర్డే. 20 ఎందుకు?" పీపీటీ వాడు గైడ్ సర్ వైపు చూశాడు. గైడ్ సర్ ఫోన్ వైపు చూసుకున్నారు. ఇస్త్రీ చొక్కావాడు అప్పటికే గుమ్మం దాకా జరిగాడు.

నిజం చెప్పాలంటే వర్క్‌షాప్‌లో ఒక మూల 20 మిల్లీమీటర్ల రాడ్ ముక్క పడి ఉంది. దొరికింది కాబట్టి వాడాం. అదే చెప్పేసి ఉన్నా పరువు కొంత మిగిలేది.

ఇంతలో ఆవిడ రిపోర్ట్ తెరిచారు. నాలుగో అధ్యాయం, డిజైన్ లెక్కలు, పదకొండు పేజీలు. అవి మేం రాసినవి కావు. సీనియర్ల రిపోర్ట్ తెచ్చుకుని పేర్లు మార్చాం. అందరూ చేసే పనే అనుకున్నాం. ఆవిడ ఒక పేజీ మీద వేలు పెట్టి నావైపు తిప్పారు. "ఇందులో షాఫ్ట్ 30 అని తేల్చారు. మెషిన్‌లో 20 ఉంది. ఏది నిజం బాబూ?"

ఆ గదిలో మా జూనియర్లు కూడా ఉన్నారు. చూసి నేర్చుకుంటారని ముందు రోజు నేనే పిలిచాను. చెవులు వేడెక్కడం అంటారే, పుస్తకాల్లో చదవడమే గానీ అది నిజంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. మార్కుల కాగితం మీద ఏమీ వేయకుండా మడిచి పెట్టుకుని, "వారం టైమ్ ఇస్తున్నాను, లెక్క పట్రండి" అన్నారు.

ఆ రాత్రి ఆవిణ్ణి తిట్టుకున్నాను. రెండో రోజు సీనియర్లని తిట్టుకున్నాను. మూడో రోజు డిజైన్ పుస్తకం తెరిచాను. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, 360 చుట్ల దగ్గర టార్క్, అంటే షాఫ్ట్‌ని మెలితిప్పే బలం, 19.8 న్యూటన్ మీటర్లు. దాన్ని 16తో గుణించి, π తోనూ వ్యాసం ఘనంతోనూ భాగిస్తే ఆ మెలికకి లోహంలో పుట్టే ఒత్తిడి, షియర్ స్ట్రెస్, 12.6 మెగాపాస్కల్స్ వచ్చింది. మామూలు ఉక్కు షాఫ్ట్‌కి పుస్తకంలో 56 దాకా పోవచ్చని ఉంది, పుల్లీ జారకుండా బిగించే కీ కోసం గాడి కొడితే అందులో పాతిక శాతం కోసేసి 42. పన్నెండున్నర ఎక్కడ, నలభై రెండు ఎక్కడ! మూడు రెట్లకి పైగా బలం ఉంది. గెలిచాననుకున్నాను. నీటుగా రాసుకుని ఆవిడ పనిచేసే చోటికే వెళ్ళాం, వరండాలో రెండు గంటలు నిలబడ్డాం. ఆవిడ కాగితం పైనుంచి కిందికి ఒక్కసారి చూసి "లెక్క తప్పులేదు. బెల్ట్ ఏమైంది?" అన్నారు.

మళ్ళీ చెవులు.

బెల్ట్ ఊరికే తిప్పదు, లాగుతుంది. నాలుగేళ్లు చదివిన నాకు ఆ వరండాలో గుర్తొచ్చిన సంగతి ఇది. పుల్లీ వ్యాసార్థం 100 మిల్లీమీటర్లు కాబట్టి బిగువు వైపుకీ వదులు వైపుకీ తేడా 198 న్యూటన్లు ఉండాలి. బిగువు, వదులుకి మూడు రెట్లని అనుకుంటే 297, 99. టార్క్‌కి ఆ రెండింటి తేడా కావాలి గానీ, షాఫ్ట్‌ని వంచడానికి రెండూ కలిసే లాగుతాయి, మొత్తం 396. అంటే సుమారు 40 కిలోల బరువు షాఫ్ట్ కొస నుంచి వేలాడుతున్నట్టు. మా పుల్లీ బేరింగ్‌కి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. బెండింగ్ మూమెంట్, అంటే ఆ లాగుడు షాఫ్ట్‌ని వంచే జోరు, 39.6, టార్క్ కన్నా రెట్టింపు! నేను చిన్నదాన్ని లెక్కపెట్టి పెద్దదాన్ని వదిలేశాను.

పైగా బాటిల్ మూత పడ్డప్పుడల్లా మెషిన్ కుదుపుతుంది కదా. ఆ కుదుపులకి బెండింగ్‌ని 2తోనూ టార్క్‌ని 1.5తోనూ గుణించమని పుస్తకం చెప్తుంది. రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 84.6 న్యూటన్ మీటర్లు. స్ట్రెస్ 54 మెగాపాస్కల్స్ దగ్గర తేలింది. మనకున్న హద్దు 42. అంటే అందరి ముందూ బాటిల్ నమిలి చప్పట్లు కొట్టించుకున్న మా మెషిన్ లెక్క ప్రకారం ఫెయిల్. ఎంత వ్యాసం కావాలో చూస్తే 21.7 వచ్చింది, అంటే దాని పై సైజు 25, బేరింగ్ 6205. షాఫ్ట్, బేరింగులు, వాటి హౌసింగులు, బ్లేడ్ల రంధ్రాలు, అన్నీ మళ్ళీ. మిగిలింది నాలుగు రోజులు.

ఇక్కడ కాస్త గొప్పలు చెప్పుకుంటాను, ఓర్చుకోండి. మిగతావాళ్ళు 25కి మార్చేద్దామని రాడ్ కోసం తిరుగుతుంటే నేను ఆ కాగితం ముందే కూర్చున్నాను. 396ని తగ్గించలేం. కానీ 100 ఎవరు పెట్టారు? మేమే. గార్డ్ రేకు బిగించడానికి చెయ్యి దూరాలని పుల్లీని అంత దూరం జరిపాం, ఇంకే కారణమూ లేదు. దాన్ని 50కి లోపలికి తోస్తే బెండింగ్ సగమై 19.8 అవుతుంది. కుదుపులు కలిపి చూసినా స్ట్రెస్ 31.5. నలభై రెండు లోపే! షాఫ్ట్ మార్చక్కర్లేదు, బేరింగ్ మార్చక్కర్లేదు. కీ గాడి లోపలి దాకా కొట్టి, మోటార్‌ని కూడా అంతే జరిపి, గార్డ్ రేకుని కొత్తగా వంచితే చాలు. నాలుగేళ్లలో ఎవరూ చెప్పకుండా నా అంతట నేను కనిపెట్టింది ఇదొక్కటే, కానీ కనిపెట్టాను. రాత్రి పదకొండింటికి వర్క్‌షాప్ అటెండర్‌ని బతిమాలి తాళం తీయించుకున్నాం. ఆయన పేరు రిపోర్ట్‌లో కృతజ్ఞతల పేజీలో మొదట పెట్టాను, గైడ్ సర్ కన్నా ముందు. సర్ గమనించారు. ఏమీ అనలేదు.

ఇప్పుడు రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనుక్కునే వాళ్ళకి ఒక మాట. నేను మిమ్మల్ని తిట్టే స్థితిలో లేను, పదకొండు పేజీలు కాపీ కొట్టినవాణ్ణి. కానీ కొన్న మెషిన్‌లో ప్రతి అంకె వెనకా ఇంకెవడో ఆలోచించి ఉంటాడు, లేదా ఎవడూ ఆలోచించి ఉండడు, మీకు ఆ రెంటికీ తేడా తెలియదు. పరీక్షల్లో మనకి వ్యాసం ఇచ్చేసి స్ట్రెస్ కనుక్కోమంటారు. వ్యాసం ఎవరిచ్చారని మనం అడగం. ఎనిమిది సెమిస్టర్లు అలాగే గడిచిపోతాయి. మొదటి వారం నుంచి ఒక రఫ్ నోట్‌బుక్ పెట్టి, ప్రతి కొలత పక్కనా ఎందుకో ఒక ముక్క రాసుకోండి, "దొరికింది కాబట్టి" అయినా సరే. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి మాత్రం మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళకండి. బైండింగ్ రంగు కాస్త ముదురుగా ఉందని ఒకసారి, మార్జిన్ తక్కువైందని ఒకసారి వెనక్కి పంపారు. ఆ పదకొండు పేజీల్నీ అక్కడ ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

నిన్న మేడమ్ స్వయంగా వచ్చారు. ప్లగ్ తీసి ఉందో లేదో చూసుకున్నారు, స్కేలు పెట్టి పుల్లీ దూరం కొలిచారు, 50. లెక్క చదివారు. "ఇది ఎవరి ఆలోచన?" అన్నారు. నేను చెయ్యెత్తాను, ఇస్త్రీ చొక్కావాడు కూడా ఎత్తబోయి దించేశాడు. ఆవిడ సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, "బ్లేడ్ల వైపు నుంచి వచ్చే బలం వేశారా ఇందులో?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయారు.

వేయలేదు.

రాత్రి నిద్రపట్టక లేచి వేశాను. బ్లేడు కొస షాఫ్ట్ మధ్య నుంచి 50 మిల్లీమీటర్లు, కాబట్టి అక్కడ కూడా 396 న్యూటన్లే. బేరింగుల మధ్య దూరం 200, బలం సరిగ్గా నడుమ. అది బెల్ట్ లాగుడుకి ఎదురు దిక్కున పడి రెండు వంపులూ కలిసే చెడ్డ సందర్భం తీసుకుంటే నడుమ బెండింగ్ 29.7. కుదుపులు కలిపి స్ట్రెస్ 42.3. పోనీ, ఆ 42లోనే కొంత వెసులుబాటు ఉంటుంది, విరిగిపోదు. రిపోర్ట్ బైండింగ్ అయిపోయింది, సంతకం పడింది, ఆఫీసులో ఇచ్చేశాం. మేడమ్ నంబర్ నా దగ్గర ఉంది. చెప్పాలా వద్దా అని పొద్దుట్నుంచీ చూస్తున్నాను.